కాగితం లేకుండా ఇచ్చిన గది: తాళం వేయకండి, నోటీసు ఇవ్వండి

మీరు రాసినదంతా చదివాను. నాకు అర్థమైనది ముందు చెప్తాను. వీరవాసరం దగ్గర పంచాయతీ ఊళ్ళో మీ సొంతిల్లు. నాన్నగారు పోయాక అమ్మగారు అందులో ఒక్కరే ఉంటున్నారు. మీరు హైదరాబాదులో, తమ్ముడు తణుకులో. మూడేళ్ళ కిందట మేడ మీద రెండు గదుల పోర్షన్ రొయ్యల మేత కంపెనీలో పనిచేసే ఒకాయనకి నెలకి రూ. 4,500 అద్దెకి ఇచ్చారు, రెండు నెలల అడ్వాన్సు తీసుకున్నారు. కింద వీధి గదిలో భీమవరంలో ఇంజనీరింగ్ చదివే ఇద్దరు కుర్రాళ్ళు ఉంటారు, వాళ్ళకి భోజనం కూడా అమ్మగారే పెడతారు. ఎవరికీ కాగితం రాయలేదు. మేడ మీదాయన నాలుగు నెలలుగా అద్దె ఇవ్వడం లేదు, ఖాళీ చెయ్యమంటే ‘చూద్దాం’ అంటున్నాడు. తమ్ముడేమో ‘కాగితమే లేదు కాబట్టి వాడికి హక్కూ లేదు, ఊరెళ్ళినప్పుడు తాళం వేసేద్దాం’ అంటున్నాడు. పక్కింటివాళ్ళు ‘ఇంకొన్నాళ్ళుంటే ఇల్లు వాడిదే అయిపోతుంది’ అని అమ్మగారిని భయపెట్టారు. సంక్రాంతికి మీరంతా వస్తారు కాబట్టి కుర్రాళ్ళ గది కూడా కావాలి.

ఈ జిల్లా సివిల్ కోర్టుల్లో ఇళ్ళ అద్దె దావాలు, భాగపంపకాల కేసులు చాలాకాలంగా చూస్తున్న వకీలుని. ముందు తమ్ముడి సంగతి. అతన్ని ఈ రోజే ఆపండమ్మా. మిగతా చిక్కులన్నీ తీరేవే. తాళం వేశారంటే మాత్రం బాకీ పడ్డ మనిషి ఫిర్యాదుదారు అవుతాడు, అద్దె రావాల్సిన మీ అమ్మగారు ముద్దాయి అవుతారు.

కాగితం లేకపోతే హక్కు లేదనే మాట చట్టంలో ఎక్కడా లేదు. ఆస్తి బదిలీ చట్టం 1882 లో 107వ సెక్షన్ ప్రకారం ఏడాది మించిన అద్దె ఒప్పందం, ఏడాది ఏడాదికీ సాగే ఒప్పందం, ఏడాదికింత అని అద్దె పెట్టిన ఒప్పందం రిజిస్టరైన కాగితం మీదే చెయ్యాలి. మిగతావి నోటిమాట మీద ఇచ్చి, ఇల్లు అప్పగించినా చెల్లుతాయి. మీ అమ్మగారు తాళంచెవి ఇచ్చారు, ఆయన సామాను దించుకున్నాడు, నెలనెలా డబ్బు ఇచ్చాడు. అంతటితో ఆయన నెలవారీ అద్దెదారు అయిపోయాడు. అలాంటివాణ్ణి ఖాళీ చేయించాలంటే 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అప్పటికీ వెళ్ళకపోతే కోర్టు ద్వారా పంపాలి. ఈ రెండింటికీ మధ్య అడ్డదారి లేదు.

అడ్డదారి తొక్కితే ఏమవుతుందో కూడా చెప్పాలి. నిర్దిష్ట పరిహార చట్టం 1963 లో 6వ సెక్షన్ ఉంది. స్వాధీనంలో ఉన్న మనిషిని, ఆయన ఒప్పుకోకుండా, చట్టప్రకారం కాకుండా బయటికి పంపితే, ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి లోపలికి రావచ్చు. ఆ దావాలో ఇల్లెవరిదన్న ప్రశ్నే రాదు. ‘ఇది మా నాన్న కట్టించిన ఇల్లు’ అని తమ్ముడు పట్టా చూపించినా, కోర్టు అడిగేది ఒకటే: మొన్నటిదాకా ఆ గదుల్లో ఎవరున్నారు? దానికితోడు, ఆయన లేనప్పుడు తలుపు తీసి సామాను బయట పెట్టారనుకోండి, ‘బీరువాలో బంగారం పోయింది’ అని ఆయన అంటే జవాబు చెప్పుకోవాల్సింది మీరే. కరెంటు తీసేయడం, మోటారు కట్టేసి పైకి నీళ్ళు ఎక్కకుండా చేయడం కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. చాలామంది ఇవేవో చిన్న ఒత్తిళ్ళు అనుకుంటారు. జడ్జిగారి ముందు ఇల్లుగలవాళ్ళ పరువు తీసేవి అవే.

స్టేషన్‌లో పంచాయితీ పెట్టించడం ఇంకో అలవాటు. ఎస్సైగారితో చెప్పించి ఖాళీ చేయిద్దాం అంటారు. పోలీసులకి అద్దెదారుని ఖాళీ చేయించే అధికారం లేదు. దెబ్బలాట, బెదిరింపు, దొంగతనం ఉంటే స్టేషన్‌కి వెళ్ళండి. అద్దె బాకీకి వెళ్ళకండి.

ఇక పన్నెండేళ్ళుంటే ఇల్లు అద్దెకున్నవాడిదే అయిపోతుందన్న భయం. డెల్టాలో ఏ ఊరెళ్ళినా ఈ మాట వినిపిస్తుంది, దీనివల్ల ఎన్నో మంచి ఇళ్ళు ఖాళీగా బూజు పట్టి ఉన్నాయి. అద్దెకున్నవాడు ఎన్నేళ్ళున్నా అద్దెదారే. మీ అమ్మగారి దగ్గర అద్దెకి దిగిన మనిషి, అద్దెదారుగా ఉన్నంతకాలం, ఆవిడకి ఆ ఇంటి మీద హక్కు లేదని వాదించడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. పన్నెండేళ్ళ గడువన్నది దావాల గడువులు చెప్పే లిమిటేషన్ చట్టంలో ఉన్నది నిజమే. కానీ అద్దెదారు విషయంలో అది అద్దె ఒప్పందం రద్దయిన రోజు నుంచి, ఇల్లు తిరిగి తీసుకోవడానికి ఓనరుకి ఇచ్చిన గడువు. మూడేళ్ళున్నా, ముప్ఫై ఏళ్ళున్నా అద్దె కట్టుకుంటూ ఉన్నంతమాత్రాన ఇల్లు ఎవరిదీ అయిపోదు.

ఈ భయం ఇళ్ళ నుంచి పుట్టింది కాదు, పొలాల నుంచి వచ్చింది. మన దగ్గర వరిచేలు, చెరువులు చాలావరకు నోటిమాట కౌలు మీదే నడుస్తాయి. 1956 నాటి ఆంధ్ర కౌలుదారీ చట్టం కౌలుదారుకి గట్టి రక్షణ ఇచ్చింది. అప్పటి నుంచి ‘రాసిస్తే భూమి పోతుంది’ అన్న మాట తాతల నుంచి మనవల దాకా వచ్చింది. 2019 లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందంతో, యజమాని హక్కుకి భంగం రాకుండా సాగుదారుకి పత్రం ఇప్పిస్తున్నా, సంతకానికి వెనకాడే ఆసాములు ఇంకా ఉన్నారు. ఆ భయాన్నే తెచ్చి మేడ మీద గదికి తగిలించారు. పొలం కౌలు చట్టానికీ ఇంటి అద్దెకీ సంబంధం లేదు. నిజానికి ఇంటి విషయంలో కాగితం లేకపోతే ఎక్కువ నష్టపోయేది ఓనరే. అద్దె ఎంతో, ఎప్పుడు పెంచాలో రుజువు చేసుకోవాల్సిన భారం దావా వేసిన మనిషి మీద పడుతుంది. ఆయన ‘నెలకి మూడు వేలే, నాలుగు నెలలూ చేతికే ఇచ్చాను’ అంటే అమ్మగారి దగ్గర ఏముంది?

ఏమీ లేదనుకోకండి, వెతికితే ఉంటుంది. మొదటి రెండేళ్ళూ ఆయన ఫోన్‌పేలో పంపాడని రాశారు. ఆ నంబరు మీదైతే మీ బ్యాంకు స్టేట్‌మెంటు తీయించండి. ప్రతి నెలా ఒకే మొత్తం, దాదాపు ఒకే తేదీన వచ్చినట్టు కనిపిస్తే అద్దె ఎంతో అదే చెప్తుంది. ‘ఈ నెల కొంచెం ఆలస్యమవుతుంది అత్తయ్యగారూ’ అని ఆయన పెట్టిన వాట్సాప్ మెసేజీలు చెరిపేయకండి, ఫోను మార్చినా దాచండి. అమ్మగారు క్యాలెండరు మీద పెన్సిల్‌తో రాసుకునే లెక్కలు కూడా పారేయకండి. పాత క్యాలెండర్లు అటక మీద ఉంటే దింపించండి.

నోటీసు మీ వకీలు రాయొచ్చు, అమ్మగారే రాయొచ్చు. రాతలో ఉండాలి, సంతకం ఉండాలి, పోస్టులో అయినా పంపాలి, చేతికైనా ఇవ్వాలి. ఆయన దొరక్కపోతే ఇంట్లో వాళ్ళకి ఇవ్వొచ్చు. అదీ కుదరకపోతే తలుపు మీద కనపడేలా అంటించొచ్చు. ఇలా రాస్తే సరిపోతుంది:

‘నా ఇంటి మేడ మీద రెండు గదుల భాగాన్ని మీరు నెలకు రూ. 4,500 అద్దె మీద నెలవారీ అద్దెదారుగా అనుభవిస్తున్నారు. ఫలానా నెల మొదలు ఫలానా నెల వరకు నాలుగు నెలల అద్దె రూ. 18,000 బాకీ ఉన్నారు. పలుమార్లు అడిగినా చెల్లించలేదు. మీ అద్దె హక్కును ఈ నోటీసుతో రద్దు చేస్తున్నాను. ఇది మీకు అందిన రోజు నుంచి 15 రోజులు పూర్తి కాగానే గదులు ఖాళీ చేసి నాకు స్వాధీనం చేయాలి, బాకీ చెల్లించాలి. లేనిపక్షంలో స్వాధీనం కోసం, బాకీ కోసం, మీరు అక్కడ ఉన్న అదనపు కాలానికి నష్టపరిహారం కోసం కోర్టులో దావా వేస్తాను. ఖర్చులకు మీరే బాధ్యులు. మీరిచ్చిన అడ్వాన్సు రూ. 9,000 స్వాధీనం రోజున లెక్క చూసి సర్దుబాటు చేస్తాను.’

ఇంతకు మించి ఒక్క తిట్టు కూడా వద్దు. ఆయన తాగుడు గురించో, వచ్చిపోయే వాళ్ళ గురించో రాయకండి. రాసిన ప్రతి మాటనీ రేపు రుజువు చేయాల్సి వస్తుంది. 15 రోజులు లెక్క మొదలయ్యేది నోటీసు ఆయనకి అందిన రోజు నుంచి, మీరు పోస్టు చేసిన రోజు నుంచి కాదు. అందుకే అందినట్టు రుజువు వచ్చేలా పంపండి, ఒక కాపీ దగ్గర ఉంచుకోండి. పోస్టుమాన్ వెనక్కి తెస్తే ఆ కవరు చించకండి. దాని మీద పోస్టుమాన్ రాసిన ‘తీసుకోలేదు’ అన్న మాట, తేదీ మీకు పనికొస్తాయి.

నోటీసు ఇచ్చాక డబ్బు తీసుకోవచ్చా అని తప్పకుండా అడుగుతారు. పాత బాకీ తీసుకోవచ్చు. నోటీసు గడువు దాటిన తర్వాతి నెలలకి ‘అద్దె’ అని తీసుకుని, రసీదు కూడా అలాగే రాసిస్తే, నోటీసుని మీరే వదులుకున్నారని ఆస్తి బదిలీ చట్టం 113వ సెక్షన్ మీద వాదన లేస్తుంది. అద్దె తీసుకున్నంతమాత్రాన నోటీసు పోయినట్టు కాదు. కానీ వాదనకి చోటివ్వడం దేనికి? ‘నోటీసు హక్కులకు భంగం లేకుండా, వాడుకున్న కాలానికి పరిహారంగా’ అని రసీదులో రాయండి. అద్దె బాకీ రాబట్టుకోవడానికి మూడేళ్ళ గడువు ఉంది, ఆయన వెళ్ళిపోయినా బాకీ పోదు.

ఆయన వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. రొయ్యకి రేటు పడితే చెరువులు ఎండగడతారు, మేత అమ్ముడుపోదు, మొదట ఆగేది ఇలాంటి వాళ్ళ జీతాలే. రెండేళ్ళకు పైగా తప్పకుండా కట్టిన మనిషి ఒక్కసారిగా ఆపాడంటే దగా ఉద్దేశం అయి ఉండాలని లేదు. నోటీసు పంపిన వారానికి మీరో తమ్ముడో ఊళ్ళో ఇద్దరు పెద్దమనుషులతో కూర్చుని మాట్లాడండి. బాకీ 18,000 లో అడ్వాన్సు 9,000 పోతే మిగిలేది 9,000. అందులో సగం వదిలేసినా, తేదీ పెట్టి ఖాళీ చేస్తానని ఆయన రాసిస్తే అది మీకు లాభం. దావా పడితే వాయిదాలకి మీరు హైదరాబాదు నుంచి తిరిగే ఖర్చే అంతకు మించుతుంది. కాకపోతే ఆ ఒప్పుకోలు కాగితం మీద తేదీ, బాకీ మొత్తం, ఖాళీ చేసే రోజు, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. పెద్దమనుషుల నోటిమాటతో మళ్ళీ మొదటికి రాకండి.

ఆ రోజు పెట్టేటప్పుడు పంచాంగం చూడండి. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో కొత్తింట్లో పాలు పొంగించరు. ‘శూన్యమాసంలో ఎక్కడికి పోతాం’ అని ఆయన భార్య అంటే ఆ బాధ నిజమైనదే. చట్టం శూన్యమాసాన్ని లెక్కలోకి తీసుకోదు. మనం తీసుకుంటే తప్పులేదు. పదిహేను రోజులు ముందుకో వెనక్కో జరిపి మంచిరోజు రాయించుకుంటే ఆ కాగితాన్ని ఆయన కూడా గౌరవిస్తాడు.

ఇది కుదరకపోతే మీ అమ్మగారికి డబ్బు పెట్టి వకీలుని పెట్టుకోవాల్సిన పని కూడా లేదు. న్యాయసేవల చట్టం 1987 లో 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం ఉంది. మీ ప్రాంతపు కోర్టు ఆవరణలో ఉండే మండల న్యాయసేవల కమిటీకి వెళ్ళి దరఖాస్తు ఇస్తే చాలు, 15100 కి ఫోను చేసినా దారి చెప్తారు. దావా వేయకముందే లోక్ అదాలత్‌కి పంపమని అడగండి. అక్కడ రాజీ కుదిరితే వాళ్ళిచ్చే అవార్డు, అంటే ఆ తీర్పు, కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఈ జిల్లాలో ఎంతోమంది ఆడవాళ్ళకి ఈ హక్కు ఉన్నట్టే తెలియక, తాకట్టు పెట్టి మరీ ఫీజులు కడుతుంటే చూసి నాకు నిజంగా బాధేస్తుంది. దావాయే వేయాల్సి వచ్చినా, ఓనరుకీ అద్దెదారుకీ మధ్య దావాలో కోర్టు ఫీజు ఇంటి విలువ మీద కట్టక్కర్లేదు, ఏడాది అద్దె మీద లెక్క.

మీది పంచాయతీ ఊరు కాబట్టి ఇదంతా ఆస్తి బదిలీ చట్టం మీద చెప్పాను. ఇది చదివే మిగతావాళ్ళలో భీమవరం, పాలకొల్లు, అమలాపురం, కాకినాడ లాంటి మునిసిపాలిటీ, కార్పొరేషన్ ఊళ్ళలో ఇళ్ళున్నవాళ్ళు ఒకటి గమనించాలి. పట్టణాలకి 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉండేది, దాని స్థానంలో 2017 లో రాష్ట్రం కొత్త అద్దె చట్టం చేసింది. అది రాత ఒప్పందం ఉండాలంటుంది. అక్కడి కేసు ఎవరి ముందు వేయాలో దావాకి ముందే స్థానిక వకీలుని అడిగి తేల్చుకోండి.

కుర్రాళ్ళ గది సంగతి వేరు. చట్టం దృష్టిలో వాళ్ళూ మేడ మీదాయనా ఒకటి కాదు. మేడ మీద పోర్షన్‌కి విడిగా మెట్లున్నాయి, విడిగా తాళముంది, అమ్మగారు అడగకుండా లోపలికి వెళ్ళరు. అది అద్దె. కుర్రాళ్ళు మీ ఇంట్లోనే ఒక గదిలో ఉంటారు, మీ వంటింట్లో తింటారు, వీధి తలుపు గడియ రాత్రి అమ్మగారే పెడతారు. గది మీద పూర్తి స్వాధీనం వాళ్ళకి ఇవ్వలేదు, ఉండడానికి అనుమతి మాత్రమే ఇచ్చారు. దీన్ని ఈజ్‌మెంట్స్ చట్టం 1882 లో 52వ సెక్షన్ లైసెన్సు అంటుంది. ఈ తేడా కాగితం మీద పెట్టిన పేరుని బట్టి తేలదు, నిజంగా గది ఎవరి అదుపులో ఉందన్నదాన్ని బట్టి తేలుతుందని 1959 లో ఆర్.ఎన్. కపూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే కొందరు పోర్షన్ మొత్తం అప్పగించి, కాగితం మీద ‘లైసెన్సు’ అని రాయించుకుంటే చాలనుకోవడం వట్టి భ్రమ.

లైసెన్సు అయితే 15 రోజుల నోటీసు లెక్క లేదు, అనుమతి వెనక్కి తీసుకోవచ్చు. అలాగని రాత్రికి రాత్రి పొమ్మనడానికి వీల్లేదు. వెళ్ళడానికీ, సామాను తీసుకెళ్ళడానికీ తగిన సమయం ఇవ్వాలని 63వ సెక్షన్ చెప్తుంది. తగిన సమయం ఎంత? సెమిస్టరు పరీక్షలు రాస్తున్న పిల్లాడికి పది రోజులు తగిన సమయం కాదని నేనంటాను. వాళ్ళ తల్లిదండ్రులతో మాట్లాడి పరీక్షల ఆఖరి తేదీ తెలుసుకోండి. సంక్రాంతి సెలవులకి వాళ్ళూ ఎలాగూ ఇళ్ళకి వెళ్తారు. ఆ నాలుగు రోజులు గది వాడుకుంటామని ముందే చెప్పి, పుస్తకాలూ బట్టలూ ఒక బీరువాలో పెట్టించి దాని తాళంచెవి వాళ్ళకే ఇస్తే గొడవే ఉండదు. ఈ మాట మేడ మీదాయనతో మాత్రం అనకండి. పండక్కి మా పిల్లలొస్తారు, వారం రోజులు సర్దుకోండి అని అద్దెదారుని అడగడం మన ఊళ్ళలో మామూలైపోయింది. అది ఆయన దయతలచి ఒప్పుకోవాల్సిందే తప్ప మీరు పట్టుబట్టేది కాదు.

కుర్రాళ్ళకి సంబంధించి ఇంకో మాట, ఎవరూ చెయ్యకూడని పని. మెస్సు డబ్బు బాకీ ఉందని సర్టిఫికెట్ల ఫైలో, ల్యాప్‌టాపో పట్టుకోవడం. బాకీ ఉంటే తండ్రిని అడగండి, కోర్టుకెళ్ళండి. మన ప్రాంతంలో ఇల్లుగలవాళ్ళకి సామాను జప్తు చేసే హక్కు ఏ చట్టమూ ఇవ్వలేదు. మేడ మీదాయన టీవీకీ ఇదే వర్తిస్తుంది. ఆయన తాళం వేసుకుని చెప్పకుండా వెళ్ళిపోయినా కూడా తాళం పగలగొట్టకండి. ముందు నోటీసు తలుపుకి అంటించి ఫొటో తీయండి, ఆయన పనిచేసిన చోట అడగండి, తర్వాత కోర్టు ఉత్తర్వుతో తీయించండి.

అడ్వాన్సు దగ్గర వచ్చే తగువులు మన డెల్టాలో మామూలే, అందుకని కొంచెం వివరంగా రాస్తాను. ఖాళీ చేసే రోజున ఇల్లుగలవాళ్ళు గోడ చూపించి, ‘పెచ్చులు ఊడాయి, రంగులు వేయించాలి, కిటికీ ఊచలు తుప్పు పట్టాయి’ అని అడ్వాన్సు మొత్తం కోసేస్తారు. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం అద్దెదారు ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలి. మామూలు వాడుకలో వచ్చే అరుగుదల మాత్రం ఆయన లెక్కలోకి రాదు, మనిషి చేతిలో లేని విపత్తు వల్ల వచ్చిన నష్టమూ రాదు. నర్సాపురం వైపు ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, పునాది నుంచి చెమ్మ ఎక్కి గోడల మీద ఉప్పు తేలుతుంది. అది అద్దెదారు చేసింది కాదు. తుపానుకి రేకులు లేచిపోతే ఆ ఖర్చు ఇల్లుగలవాళ్ళదే. కానీ పిల్లలు గోడకి కొట్టిన మేకులు, పగిలిన వాష్‌బేసిన్, కాల్చేసిన స్విచ్‌బోర్డు లాంటి వాటికి కోసుకోవచ్చు. అది కూడా బిల్లు చూపించి. దిగిన రోజూ, ఖాళీ చేసిన రోజూ ఇద్దరూ కలిసి ప్రతి గదికీ ఫోనులో వీడియో తీసుకుంటే సగం తగువులు పుట్టవు.

ఇదే సెక్షన్‌లో అద్దెదారులకి పనికొచ్చేవి రెండున్నాయి. చేయించాల్సిన మరమ్మతు ఓనరు చేయించకపోతే, తెలియజేసి తగినంత కాలం ఆగాక, తానే చేయించి అద్దెలో మినహాయించుకోవచ్చు. వరదకో తుపానుకో ఇంట్లో ముఖ్యమైన భాగం పూర్తిగా కూలిపోయినా, శాశ్వతంగా ఉండడానికి పనికిరాకుండా పోయినా ఒప్పందం రద్దు చేసుకునే అవకాశం అద్దెదారుది. లంకల్లో, ఏటిగట్టు పక్కన ఉండేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఇకముందు గది ఇచ్చేటప్పుడు పదకొండు నెలలకి రాయించండి. ఏడాది దాటకపోయినా రిజిస్టరు చేయించండి, 1999 సవరణ తర్వాత మన రాష్ట్రంలో ఎంత కాలానికి రాసిన అద్దె కాగితానికైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. స్టాంపు కాగితం మీదే రాయించండి, తగిన స్టాంపు లేని కాగితాన్ని కోర్టు సుంకం, జరిమానా కట్టకుండా సాక్ష్యంగా తీసుకోదు. అద్దె, అడ్వాన్సు, ఖాళీకి ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి ఎలాగూ రాస్తారు. రాయడం మర్చిపోయేవి కరెంటు, నీళ్ళు. మన కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్ బిల్లు స్లాబుల మీద నడుస్తుంది. ఒకే మీటరు మీద మేడా కిందా కలిపి కాలిస్తే యూనిట్లు పై స్లాబుకి ఎగబాకి రేటు పెరుగుతుంది. సబ్‌మీటరు పెట్టి ‘యూనిట్‌కి ఇంత’ అని కిందటేడు చెప్పిన రేటే వసూలు చేస్తే ఒకరు నష్టపోతారు. అందుకని ‘ఆ నెల మొత్తం బిల్లుని యూనిట్ల వారీగా పంచుకోవాలి’ అని రాయండి. వీలైతే మేడకి వేరే సర్వీసే తీసుకోండి. వేసవిలో కాలువలు కట్టేశాక పంచాయతీ నీళ్ళు తగ్గి, బోరు ఉప్పగా మారినప్పుడు ట్యాంకరు ఖర్చు ఎవరిది, తాగే నీళ్ళ టిన్నులు ఎవరు తెచ్చుకోవాలి అన్నది కూడా ఒక వాక్యం రాయండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్ళలో ఇల్లుగలావిడకీ మేడ మీదావిడకీ మాటలు ఆగిపోయేది ఈ ఒక్క దగ్గరే.

బ్యాంకు వాళ్ళకో టీచర్లకో ఇస్తే హెచ్ఆర్ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) కోసం రసీదులు అడుగుతారు. ఏడాది అద్దె లక్ష దాటితే పాన్ నంబరు కూడా కావాలంటారు. సందేహించకుండా ఇవ్వండి, ఆ అద్దె అమ్మగారి లెక్కలో చూపించండి. 5,000 దాటిన నగదు రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. ఆధార్ కాపీ తీసుకోవడం మంచిదే, కానీ నంబరులో మొదటి అంకెలు కనపడని మాస్క్‌డ్ కాపీ చాలు. రొయ్యల ప్లాంట్లలో పనికి ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చేవాళ్ళ కోసం కాంట్రాక్టరు ఇల్లు తీసుకుంటే, అద్దెదారు ఆ కాంట్రాక్టరే అని, ఇంట్లో ఎంతమంది ఉండొచ్చో రాయించండి. వాళ్ళ పేర్లు స్టేషన్‌లో ఇచ్చి రండి.

ఎవరికి ఇవ్వాలో మీ ఇష్టం అన్నది నిజమే, కానీ దానికి హద్దుంది. ‘మీరేమిట్లు?’ అని అడిగి, దళితులని తెలిశాక గది లేదనడం మన దగ్గర ఇంకా జరుగుతోంది. అంటరానితనం పేరుతో మనిషిని ఒక ఇంట్లో ఉండనివ్వకపోవడం 1955 పౌరహక్కుల రక్షణ చట్టం కింద నేరం. అమ్మగారు నీసు వండొద్దని నియమం పెట్టుకోవచ్చు, అది ముందే చెప్పి అందరికీ ఒకేలా పెట్టాలి. దాని వెనక కులం దాచకూడదు.

మీరు ఈ వారంలో చేయాల్సినవి: తమ్ముడికి ఫోను, బ్యాంకు స్టేట్‌మెంటు, నోటీసు. నాన్నగారి పేరు మీదే ఇల్లున్నా ఫర్వాలేదు, ఇల్లిచ్చి అద్దె తీసుకున్నది అమ్మగారు కాబట్టి ఆవిడ సంతకంతోనే పంపొచ్చు. మీరు హైదరాబాదులో రాయించి పంపితే, సంతకం పెట్టించే ముందు ఆవిడకి మొత్తం చదివి వినిపించండి. అద్దె ఏ నెల నుంచి ఆగిందో ఆవిడ గుర్తుకీ, నోటీసులో రాసినదానికీ తేడా ఉంటే అప్పుడే దిద్దండి, ఎందుకంటే దావా పడితే బోనులో నిలబడి చెప్పాల్సింది ఆవిడే.